అద్దాల గదిలో బావ కునుకు

ముందుగా మీ దగ్గర ఒకటి ఒప్పేసుకుంటాను. మా బావ ఊపిరి ఆగిపోయినప్పుడు నాకు సంతోషం వేసింది. జాలి కాదు, భయం కాదు, అచ్చంగా సంతోషమే. ఉక్కపోతలో కరెంటు పోయి, తిరిగొచ్చి, నెత్తిమీద ఫ్యాను కదిలితే ఉంటుందే, ఆ రకం. నన్ను తిట్టుకునేవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టుకోండి. కాకపోతే మొత్తం చదివాక.

ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. స్టీరింగ్ మీద కునుకు పట్టి బస్సుని డిపో గోడకి గుద్దేశాడు. బండి ఖాళీగా ఉంది కాబట్టి ప్రాణాలు పోలేదు. ఉద్యోగం మాత్రం పోయేట్టుంది. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయే జబ్బుని చేతి బ్యాండుతో పట్టేస్తామని చెప్పుకునే కంపెనీ మా బావది, అంటే మా అక్క మొగుడిది. డిపోలో డ్రైవర్లందరికీ ఆ బ్యాండే కట్టారు. నాన్నకి పచ్చగీత వచ్చింది. పచ్చ అంటే నిద్ర భేషుగ్గా ఉన్నట్టు. ఇప్పుడు విచారణలో ఆ పచ్చగీతే నాన్న మెడకి చుట్టుకుంది. జబ్బు లేదని పరికరం చెప్పింది కాబట్టి ఇది ఒట్టి నిర్లక్ష్యం అంటున్నారు. మా పరికరంలో ఏ లోపమూ లేదని బావ డిపోకి మాట కూడా ఇచ్చేశాడు. పిల్లనిచ్చిన మామగారి మీద!

లోపం ఉంది. నాకు తెలుసు, ఎందుకంటే అందులో సగం కోడు నేనే రాశాను.

భయపడకండి, లెక్కలు చెప్పను. బ్యాండు అడుగున చిన్న లైటు ఉంటుంది. అది చర్మంలోంచి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంది. చెయ్యి కదిలితే లైటు తడబడుతుంది, అంకెలు చెత్తగా వస్తాయి. అందుకని చెయ్యి కదిలిన భాగాన్ని లెక్కలోంచి తీసేసే ఒక మెట్టు పెట్టాం. దాన్ని 'చీపురు' అనేవాళ్ళం. మొదట్లో ఈ బ్యాండుని పరీక్షించింది ఎవరి మీదనుకున్నారు? మా ఆఫీసు కుర్రకారు మీద. వాళ్ళు పడుకుంటే దుంగలు. ఎప్పుడో ఒకసారి దోమని కొడితే తప్ప చెయ్యి కదలదు. వాళ్ళ మీద చీపురు బ్రహ్మాండంగా పనిచేసింది.

కానీ నిజంగా జబ్బున్న మనిషి ఏం చేస్తాడు? ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ పడుతుంది, మెదడు కంగారుపడి ఒక్క కుదుపుతో లేపుతుంది. కాళ్ళూ చేతులూ ఎగురుతాయి. చెయ్యి కదిలింది కదా అని మా చీపురు ఆ కుదుపునీ, దాని ముందున్న పతనాన్నీ కలిపి ఊడ్చి పారేస్తుంది. జబ్బు ఎంత ముదిరితే అంత ఎక్కువ ఊడుస్తుంది. మిగిలిందంతా పచ్చ. పోనీ, ఎంత ఊడ్చామో కింద రాద్దాం అంటే, "కస్టమర్లని కంగారుపెట్టడం దేనికి?" అని బావ ఆ లైను కూడా తీయించాడు. గట్టిగా అడిగినందుకు నన్ను కోడు బల్ల దగ్గర్నుంచి లేపి, బ్యాండ్లకి చార్జింగ్ పెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. దాంతోపాటు డెమో తెర నడిపే పని కూడా నాకే తగిలించాడు. అదే ఆయన చేసిన పొరపాటు.

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. కొనేవాళ్ళు ఎవరొచ్చినా బావ స్వయంగా బ్యాండు కట్టుకుని, హాలు మధ్యలో ఉన్న అద్దాల గదిలో మంచమెక్కి, అందరి ముందూ నిద్రపోతాడు. "దిండుకి తల ఆనితే చాలండీ, నిద్ర అదే వచ్చేస్తుంది" అని ఆయన గొప్ప. ఆ గదిలోంచి చప్పుడు బయటికి రాదు. లోపల మైకు ఉంది కానీ స్పీకరు ఎప్పుడూ కట్టేసే ఉంటుంది. బయట పెద్ద తెర మీద పచ్చగీత హాయిగా పాకుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ చూస్తారు.

పోయిన వారం కథ ఆపినచోట బావ కళ్ళు మూసుకున్నాడు, నా వేలు చీపురు ఆపే మీట మీద ఉంది. ఈ వారం నొక్కాను. రెండో చెయ్యి ఎటూ ఖాళీయే కదా అని స్పీకరు కూడా పెట్టేశాను.

ముందు గురక వచ్చింది. మామూలు గురక కాదు. గచ్చు మీద బీరువాని ఈడుస్తున్నట్టు. ఇంకా బ్యాండ్లు కొందామని వచ్చిన నాన్న డిపో మేనేజరు చేతిలో కాఫీ తొణికి చొక్కా మీద పడింది. ఆయన పక్కన కూర్చున్న డాక్టరమ్మ, డిపో తరఫున బ్యాండుని పరిశీలించడానికి వచ్చిన ఊపిరితిత్తుల డాక్టరు, కళ్ళజోడు సవరించుకుని అద్దం దగ్గరికి నడిచింది. అక్క అతిథుల వెనక కుర్చీలో ఉంది. కంపెనీ వ్యవహారాలన్నీ తనే చూస్తుంది. స్పీకరు వంక, నా వంక, మళ్ళీ స్పీకరు వంక చూసింది.

"ఏయ్, అదేంటే? కట్టెయ్."

"మీట పనిచేయట్లేదక్కా," అన్నాను. మీట నా వేలి కిందే ఉంది.

అంతలో గురక ఆగిపోయింది.

హమ్మయ్య అన్నట్టు మేనేజరు గారు నవ్వారు. "బాబు స్థిమితపడ్డట్టున్నారు."

"స్థిమితం కాదండీ," అంది డాక్టరమ్మ, వెనక్కి తిరక్కుండానే. "ఛాతీ చూడండి. ఎగురుతోంది, దిగుతోంది. గాలి మాత్రం పోవట్లేదు. గొంతు మూసుకుపోయింది."

అందరూ చూశారు. బావ పొట్ట, ఛాతీ ఒకదానితో ఒకటి కుస్తీ పడుతున్నాయి. నోరు తెరిచే ఉంది. చప్పుడు మాత్రం లేదు. నిశ్శబ్దం అంత పొడుగ్గా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తెర మీద గీత ఇంకా పైనే ఉంది, ఎందుకంటే రక్తం కబురు మణికట్టుదాకా రావడానికి కాస్త టైము పడుతుంది. తర్వాత అది కిందికి జారడం మొదలైంది. తొంభై దాటి కిందికి, ఇంకా కిందికి. పచ్చ పసుపైంది, పసుపు ఎరుపైంది. మా కంపెనీ తెర మీద ఎరుపు రంగు ఎలా ఉంటుందో ఆ హాల్లో చాలామంది చూడటం అదే మొదటిసారి.

ఇదిగో, ఇక్కడే నాకు సంతోషం వేసింది.

"లేపండి!" మేనేజరు గారు లేచి నిలబడ్డారు. "ఏమ్మాయ్, చూస్తూ కూర్చున్నావేంటి? మీ సారు పోయేట్టున్నారు!"

"పోరండీ. ఆయనకిది అలవాటే. డెమో సగంలో ఆపితే బావకి కోపం వస్తుంది."

"ఒసేయ్, తలుపు తియ్యవే!" అక్క గొంతు పగిలింది.

"తాళం నీ దగ్గరే ఉందిగా అక్కా."

అక్క చెయ్యి హ్యాండుబ్యాగులోకి వెళ్ళే లోపే లోపల మంచం దడాలుమంది. బావ ఒక్క కుదుపుతో ఎగిరిపడ్డాడు. బ్యాండున్న చెయ్యి గాల్లోకి లేచి మంచం పట్టీకి కొట్టుకుంది. నీళ్ళలో మునిగి తేలినవాడిలా ఒక్క శ్వాస పీల్చాడు. స్పీకర్లో అది విని ఎవరో 'అమ్మో' అన్నారు. మళ్ళీ బీరువా మొదలైంది. ఆయనగారు లేవనే లేదు. తనకి ఏం జరిగిందో ఆయనకి తెలియనే తెలియదు.

"చూశారా, ఆ చెయ్యి ఎగిరిందే," అన్నాను, తెర దగ్గరికి వెళ్ళి పుల్లతో చూపిస్తూ. ఎన్నాళ్ళుగానో మనసులో ప్రాక్టీసు చేసిన ఉపన్యాసం ఇది. "మామూలుగా అయితే ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా మీకు కనపడదు. చెయ్యి కదిలింది కాబట్టి చెత్త అని తీసేస్తాం. ఇటు పచ్చ, అటు పచ్చ తీసుకొచ్చి కుట్టేస్తాం. ఇవాళ నేను తీసెయ్యలేదు. ఏమీ కలపలేదు కూడా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నాను, అంతే."

"మా డ్రైవర్లందరికీ వచ్చిన పచ్చగీతలు?" మేనేజరు గారి గొంతు తగ్గింది.

"కొందరివి నిజమైనవే. ఎవరివి నిజమో, ఎవరివి కుట్టినవో ఇక్కడ ఎవరూ చెప్పలేరు. మా నాన్నది కుట్టినదే."

ఆయన మొహం మాడిపోయింది. జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ పెట్టేసి, మళ్ళీ తీశారు. ఆ నిమిషంలో ఎన్ని బస్సులు రోడ్డు మీద ఉన్నాయో ఆయనకి తెలిసినంతగా మనకి తెలియదు కదా.

డాక్టరమ్మ మాత్రం నావైపు అంత మెచ్చుకోలుగా ఏం చూడలేదు. "అమ్మాయీ, ఇది చూసి జబ్బు ఖాయం అనేయకూడదు. ఇది అనుమానం. గట్టి అనుమానమే అనుకో. ముక్కు దగ్గర గాలి, ఛాతీకి పట్టీ, అన్నీ పెట్టి రాత్రంతా పరీక్ష చేస్తేనే నిర్ధారణ. బ్యాండు పని దారి చూపించడం, తీర్పు చెప్పడం కాదు. నువ్వూ తీర్పు చెప్పేస్తున్నావ్."

చురుక్కుమంది. అయినా ఆ పూట నన్నెవరూ ఆపలేకపోయేవాళ్ళు.

అద్దం అవతల బావ రెండు మూడు సార్లు అలా మునిగి తేలాక తనంతట తనే లేచాడు. జుట్టు సవరించుకుని, చొక్కా లాక్కుని, లోపలి గొళ్ళెం తిప్పి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. మొహం నిండా ఆ ప్రసిద్ధమైన నవ్వు.

"ఎలా ఉందండీ మన నిద్ర? పసిపిల్లాడి నిద్ర కదూ?"

బావ నవ్వు కాసేపు అలాగే వేలాడింది. అప్పుడు తెర చూశాడు. ఎర్రటి లోయలు వరసగా, రంపం పళ్ళలా. నవ్వు ఒక పక్క నుంచి మెల్లగా ఊడిపోయింది.

"ఏం చేశావ్?" అన్నాడు నాతో, పళ్ళ మధ్య నుంచి.

"చీపురు మూలన పెట్టాను బావా."

"ఆఫీసులో సార్ అను."

"సార్, చీపురు మూలన పెట్టాను సార్."

"మా మరదలు," అని అతిథుల వైపు తిరిగాడు, గొంతులో తేనె పోసుకుని. "కోడు పాడు చేసిందండీ. మామయ్యగారి కేసు మూలంగా కొంచెం మనసు బాగాలేదు పాపం. బుల్లి ఇంజనీరు కదా, ఆవేశం."

ఒళ్ళు మండింది. చార్జింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టినప్పుడు కూడా ఇదే మాట, ఇదే తేనె. "కోడు పాడు చేస్తే గురక కూడా నేనే పెట్టానా సార్? ఛాతీ నేనే ఎగరేశానా? డాక్టరు గారు అద్దంలోంచి కళ్ళారా చూశారు. అడగండి."

"చూశాను," అంది డాక్టరమ్మ. "తెర సంగతి వదిలేయండి. తెర లేకపోయినా నేను ఇదే మాట అంటాను. పట్టపగలు, ఇంతమంది మధ్య, తల ఆనించగానే నిద్ర పట్టడం గొప్ప కాదండీ. రాత్రి నిద్ర సరిపోవట్లేదని అర్థం." తర్వాత అక్కవైపు తిరిగింది, మామూలుగా, ఇంట్లోవాళ్ళని డాక్టర్లు అడిగినట్టే అడిగింది. "మీరు గమనించలేదా అమ్మా? రాత్రిళ్ళు ఇలా ఊపిరి ఆగడం?"

అక్క హ్యాండుబ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

"ఇంట్లో ఆగదండీ," అంది.

"అదేంటి? ఇక్కడ ఆగి ఇంట్లో ఆగకపోవడం ఏమిటి?"

"ఇంట్లో... మాస్కు పెట్టుకుంటారు."

మేనేజరు గారు ఫోను జేబులో పెట్టేసి అక్క వైపు తిరిగారు.

"ఏం మాస్కు?" నేనే అడిగాను.

"గాలి మిషను. మంచం పక్కన ఉంటుంది. పడుకునేటప్పుడు ముక్కుకి తగిలించుకుంటే గొంతు మూసుకుపోకుండా గాలి నెడుతుంది." అక్క బావ వైపు చూడట్లేదు. "ఊరవతల ఆసుపత్రిలో రాత్రంతా పరీక్ష చేయించుకున్నారు. మొన్నీమధ్య కుదరక రెండు మూడు రోజులు పెట్టుకోలేదు."

"నోరు ముయ్యి," అన్నాడు బావ. ఈసారి తేనె లేదు.

అంటే అర్థమైందా మీకు? నాకు ఒక క్షణం పట్టింది. చీపురు సంగతి బావకి తెలియదేమో, అహంకారంతో వినలేదేమో అని ఏదో ఒక మూల అనుకుంటూ ఉండేదాన్ని. కాదు. తన బ్యాండు తనకే పచ్చగీత చూపిస్తుంటే నమ్మకుండా, చల్లగా వెళ్ళి వేరేచోట పరీక్ష చేయించుకుని, మాస్కు తెచ్చుకుని, మెత్తగా నిద్రపోయాడు. అదే బ్యాండుని మా నాన్న చేతికి కట్టి, భుజం తట్టి, "మామయ్యగారూ, మీకేంటండీ, గుర్రంలా ఉన్నారు" అన్నాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. నాన్న మురిసిపోయాడు కూడా.

"మాస్కు ఎప్పటినుంచి అమ్మా?" మేనేజరు గారు అడిగారు. ఆయన ఇప్పుడు కొనడానికి వచ్చిన మనిషిలా లేరు.

"పోయిన చలికాలం నుంచి."

నాన్న బస్సు గోడకి గుద్దింది ఎండాకాలంలో.

"మీ నాన్నగారి ఫైలు నా బల్ల మీదే ఉంది," అన్నారాయన నాతో, ఆ తర్వాత అక్కతో. "మీరు ఈ ముక్క రేపు విచారణలో చెప్తే ఆ కేసు నిలవదు. పరికరం తప్పని తయారుచేసినవాడికే ముందే తెలుసంటే, ఇక మా డ్రైవరు నిర్లక్ష్యం ఎక్కడిది? కానీ చెప్పాల్సింది మీరు. ఈ అమ్మాయి చెప్తే పగతో చెప్పిందంటారు."

అంటారు. పగతోనే చెప్తాను కూడా. ఆయన తప్పేం లేదు.

"అక్కా, చెప్తావుగా?" అన్నాను. గెలిచేశాననే అనుకున్నాను. బావని ఆ అద్దాల గదిలోనే పెట్టి తాళం వేసి, బయట టిక్కెట్లు అమ్మాలన్నంత ఉత్సాహంగా ఉంది.

అక్క నోరు తెరిచింది. ముందు మాట్లాడింది బావ. కుర్చీలో కూర్చుని, బ్యాండు విప్పి బల్ల మీద పెట్టి, నింపాదిగా.

"చెప్పు. నేనేం ఆపను. చెప్పేదైతే మొత్తం చెప్పు. ఆ పొద్దున ఫోను సంగతి కూడా చెప్పు. మీ చెల్లెలికి పగ తీర్చుకోవడమంటే సరదా కదా, పూర్తిగా తీర్చుకోనీ."

"ఏ ఫోను?"

అక్క తలెత్తలేదు.

"అక్కా, ఏ ఫోను?"

"బస్సు గుద్దిన రోజు పొద్దున నాన్న ఫోన్ చేశాడే," అంది. "డ్యూటీలో కళ్ళు మూతలు పడుతున్నాయమ్మా, పచ్చగీత వచ్చిందిగానీ నాకేదో తేడాగా ఉంది, ఇవాళ సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకుంటా అన్నాడు. నేనే వద్దన్నాను. మామగారే అల్లుడి బ్యాండుని నమ్మక ఆసుపత్రికి పోయాడని డిపోలో తెలిస్తే ఆర్డరు పోతుంది నాన్నా, నీకేం కాలేదు, వెళ్ళు, డ్యూటీకి వెళ్ళు అన్నాను."

"నీకు మాస్కు సంగతి తెలుసు."

"తెలుసు."

"తెలిసీ వెళ్ళమన్నావు."

తల ఊపింది. ఇన్నాళ్ళూ నా కోపం సరైన ఇంటికే వెళ్ళింది, తప్పు గది తలుపు కొట్టింది. గెలిచిన ఉత్సాహం కాస్తా చప్పబడిపోయింది. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది, పరాయి ఇంటి గుట్టు వినకూడదన్నట్టు. మేనేజరు గారు చొక్కా మీద కాఫీ మరకని రుద్దుకుంటున్నారు.

"రేపు విచారణలో ఇది కూడా చెప్పు," అన్నాను. జాలి ఎంత వెతికినా దొరకలేదు. "నాన్న మొహం చూస్తూ చెప్పు. నువ్వు చేసింది నాన్నకి తెలియాలి."

అక్క అప్పుడు తలెత్తింది. ఏడవట్లేదు. ఏడ్చినా బాగుండేది.

"నాన్నకి తెలుసే. ఫోనులో మాట్లాడింది నాన్నే కదా. మాస్కు సంగతి కూడా, బస్సు గుద్దిన దెబ్బలకి ఆసుపత్రిలో ఉన్నప్పుడే నేను చెప్పేశాను. ఎక్కడా నోరెత్తొద్దని, పెద్దదాని కాపురం నిలబడాలని, నిర్లక్ష్యం తనదేనని విచారణలో ఒప్పుకుని సంతకం పెట్టేస్తానని చెప్పి, తల మీద చెయ్యి పెట్టించుకుని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇవాళ మాస్కు మాట ఎత్తి సగం ఒట్టు తప్పాను. మిగతా సగం నావల్ల కాదు."

మూడు దశాబ్దాలు బస్సు నడిపిన మనిషి, రేపు పదిమంది ముందు నిలబడి, తను చేయని తప్పు ఒప్పుకోబోతున్నాడు. ఇంటికి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంటే ఆయన నన్ను కూడా ఒట్టు అడుగుతాడు. నాకు తెలుసు. కాబట్టి ఇంటికి వెళ్ళదలుచుకోలేదు. బ్యాగు తీసుకుని, బల్ల మీద బావ విప్పిన బ్యాండు కూడా తీసుకుని, మేనేజరు గారితో అన్నాను:

"విచారణకి మీ బండిలోనే వస్తానండీ. ఒట్టు వేసింది మా అక్క. నేను ఎవరికీ వేయలేదు."

బావ లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

ఇక్కడ ఆపుతున్నందుకు తిట్టుకుంటున్నారని తెలుసు. ఈలోపు మీరు నాకో పని చేసి పెట్టండి. మీ ఇంట్లో ఎవరి పరువు కోసమో ఎవరైనా జబ్బు దాచుకున్నారా? 'ఏం కాలేదు, వెళ్ళు' అని మిమ్మల్ని ఎవరైనా పంపేశారా, లేక మీరే ఎవరినైనా పంపేశారా? ఆ తర్వాత ఏమైంది? క్షమించారా? నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు. అక్క, బావ, నాన్న అని రాసినా నాకు అర్థమవుతుంది.